అమ్మ కట్టిచ్చిన దగ్గు మందు, ల్యాబ్‌లో వెలుగు

ఈ శుక్రవారం అల్ సద్‌ల మా రూము నుంచే మాట్లాడుతున్న.

సెలవు మీద ఊరికి పోతున్న తమ్ముడొకడు అడిగిండు: "అన్నా, వచ్చేటప్పుడు అమ్మ దగ్గు మందు, నడుము నొప్పి గోలీలు కట్టిస్తది. తెచ్చుకోవచ్చా? మూత్రం పరీక్ష చేస్తే దొరుకుతదా?"

ముందు పరీక్ష సంగతి చెప్త. మిణుగురు పురుగు చూసిన్రు కదా? దాని కడుపులో రసాయనాలు కలిసి, వేడి లేకుండానే వెలుగు వస్తది. ల్యాబ్‌లో కూడా అట్లనే చేయొచ్చు. ఊళ్లో బావుల వేసే ఊదా రంగు పర్మాంగనేటు తెలుసు కదా, దాన్ని ఆమ్లంతో కలిపి మార్ఫిన్‌లో పోస్తే ఎర్రటి వెలుగు వస్తుంది. కోడీన్, ట్రమడాల్ లాంటి వాటికి రుథీనియం లోహంతో చేసిన రసాయనం వాడితే నారింజ వెలుగు. కంటికి ఆనదు గానీ, యంత్రం కొలుస్తుంది. మందు ఎంత ఎక్కువుంటే వెలుగు అంత ఎక్కువ. తెలిసిన మోతాదుల వెలుగును ముందే కొలిచి పెట్టుకొని, దాంతో పోల్చి చూస్తారు. గోలీలో డబ్బా మీద రాసినంత మందు ఉందా లేదా అన్నది కూడా ఇట్లనే తేల్చొచ్చు. మూత్రంలో వేరే పదార్థాలు అడ్డం వస్తాయి కాబట్టి, ముందు మందును వేరు చేసి కొలుస్తారు.

మన దగ్గర థైరాయిడ్ రిపోర్టులో "సి.ఎల్.ఐ.ఏ." అని కనిపిస్తే, అది కూడా వెలుగును కొలిచే పరీక్షే.

ఇప్పుడు అసలు మాట. దగ్గు మందులోని కోడీన్‌లో కొంత మన ఒంట్లో మార్ఫిన్‌గా మారుతుంది. తాగింది సిరప్పే అయినా, మూత్రంలో మార్ఫిన్ కనపడొచ్చు. అమ్మ ప్రేమతో ఇచ్చిందా, మత్తు కోసం తాగిండా అన్నది యంత్రానికి తెల్వదు. చెప్పేది మన చేతిలోని డాక్టరు చీటీ ఒక్కటే.

ఖతార్‌లో మత్తు పదార్థాల మీద 1987 నాటి 9వ నంబరు చట్టం ఉంది. ట్రమడాల్, కోడీన్ ఇక్కడ నియంత్రణలో ఉన్న మందులు. అందుకని సీసా మీద, గోలీల పట్టీ మీద మందు పేరు చదవండి. చదవరాకపోతే మెడికల్ షాపులో చదివించుకోండి. ఈ పేర్లుంటే విమానం ఎక్కకముందే ఎంబసీని అడగండి. ఏ మందైనా చీటీతో, అసలు డబ్బాలోనే తెచ్చుకోండి. పక్కింటోళ్లు ఇచ్చిన పొట్లం విప్పి చూడకుండా బ్యాగుల పెట్టకండి.

ఇప్పటికే ట్రమడాల్ వాడుతున్నోళ్లు భయపడి ఒక్కసారే ఆపొద్దు, ఒళ్లు తట్టుకోదు. డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి.

తమ్ముడు ఫోన్ చేసి అమ్మకు చెప్పిండు: "దగ్గు మందు వద్దమ్మా, పచ్చడి కట్టు చాలు." ఉంట మరి, వచ్చే శుక్రవారం కలుద్దాం.