పాస్‌వర్డ్ ఖాళీగా ఇచ్చినా లాగిన్ అయిపోతుందా? ఎల్‌డాప్ బైండ్ అసలు సంగతి

మన కోడ్ నుంచి డైరెక్టరీ సర్వర్‌తో సెషన్ ఎలా మొదలుపెట్టాలి, అందులో ఎక్కడ దెబ్బ తింటాం, ఈరోజు అదే చూద్దాం. నేను పైథాన్‌లో చెప్తాను. సీ అయినా జావా అయినా లాజిక్ ఇదే.

డైరెక్టరీ సర్వర్ అంటే ఒక సంస్థలో యూజర్ల వివరాలన్నీ ఒకేచోట ఉంచే సర్వర్. మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ, ఓపెన్ ఎల్‌డాప్ ఇలాంటివే. వీటితో మాట్లాడే పద్ధతి పేరు ఎల్‌డాప్. 1993లో మొదటి స్పెసిఫికేషన్ వచ్చింది. ఇప్పటికీ చాలా ఆఫీసుల్లో లాగిన్ వెనకాల ఉండేది ఇదే.

ఒక ఉదాహరణ అనుకుందాం. గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీకి మీరు యాప్ రాస్తున్నారు. గుమస్తా లాగిన్ అయి, ఫలానా రైతు మిర్చి టిక్కీలు బయటికి ఇవ్వమని నొక్కితే సరుకు కదిలిపోతుంది. అంటే ఆ లాగిన్ మీద ఒక రైతు ఏడాది కష్టం ఆధారపడి ఉంది.

స్టెప్ వన్, ఇనిషియలైజ్. సర్వర్ అడ్రస్ ఇస్తాం, ఎర్రర్ రాదు. కనెక్ట్ అయిపోయిందనుకోకండి. ఫోన్‌లో నంబర్ సేవ్ చేసుకున్నట్టే, కాల్ ఇంకా వెళ్లలేదు. అడ్రస్‌లో సర్వర్ పేరు తప్పున్నా ఇక్కడ తెలియదు, తర్వాతి స్టెప్‌లోనే తెలుస్తుంది.

స్టెప్ టూ, స్టార్ట్ టీఎల్ఎస్. 389 పోర్టులో ఇది లేకుండా సింపుల్ బైండ్ చేస్తే పాస్‌వర్డ్ ఉన్నది ఉన్నట్టుగా నెట్‌వర్క్‌లో వెళ్తుంది. లేదంటే మొదటి నుంచే ఎన్‌క్రిప్షన్‌తో ఉండే 636 పోర్టు వాడండి.

స్టెప్ త్రీ, బైండ్. యూజర్ పూర్తి పేరు, పాస్‌వర్డ్ పంపిస్తాం. పాస్‌వర్డ్ తప్పయితే కోడ్ 49 వస్తుంది. కరెక్ట్ అయితే 0, అంటే సక్సెస్. సక్సెస్ వస్తే లోపలికి పంపించెయ్, చాలామంది కోడ్ ఇలాగే ఉంటుంది.

అసలు సమస్య ఇక్కడే. పేరు ఇచ్చి పాస్‌వర్డ్ ఖాళీగా పంపితే ఎల్‌డాప్ దాన్ని తప్పు పాస్‌వర్డ్‌గా చూడదు. "ఈయన గుర్తింపు చూపించట్లేదు, ఊరికే వచ్చాడు" అనుకుంటుంది. దీన్ని అన్‌ఆథెంటికేటెడ్ బైండ్ అంటారు. ఓపెన్ ఎల్‌డాప్ మామూలుగా కోడ్ 53 ఇచ్చి కుదరదంటుంది. యాక్టివ్ డైరెక్టరీ మాత్రం డీఫాల్ట్‌గా ఒప్పుకుని సక్సెస్ అంటుంది. సర్వర్ దృష్టిలో ఆయన ఎవరో తెలియని మనిషి. మీ యాప్ దృష్టిలో మాత్రం గుమస్తా! పేరు తెలిస్తే చాలు, ఎవరైనా టిక్కీలు విడిపించుకుపోవచ్చు.

2006లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 4513 ఈ ప్రమాదం గురించి స్పష్టంగానే హెచ్చరించింది. అందుకే బైండ్‌కి ముందు ఒక ఇఫ్ కండిషన్ పెట్టండి: పాస్‌వర్డ్ ఖాళీ అయితే సర్వర్ దాకా వెళ్లకుండానే రిజెక్ట్. ఈ చెక్ స్క్రీన్ మీద ఒక్కటే ఉంటే చాలదు, సర్వర్ వైపు కోడ్‌లో ఉండాలి. బైండ్ అయ్యాక "హూ యామ్ ఐ" అని సర్వర్‌నే అడగొచ్చు. జవాబు ఖాళీగా వస్తే మీరు ఎవరిగానూ లాగిన్ కాలేదన్నమాట.

పని అయ్యాక అన్‌బైండ్. పేరు చూసి లాగౌట్ ఒక్కటే అనుకోకండి, అది కనెక్షన్‌నే మూసేస్తుంది. మళ్లీ కావాలంటే మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ చేస్తున్నవాళ్లు ఈ రాత్రికే మీ లాగిన్ పేజీలో ఖాళీ పాస్‌వర్డ్ కొట్టి చూడండి. ఏమైందో కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.