దూరయాన సారథులును దేహసౌఖ్యమును
(మన సంఘ వార్షిక మహాసభయందు రెండవనాటి ప్రాతఃకాల సమావేశమున చేసిన యుపన్యాసము)



మన మహాసభలయందు విద్యాభివృద్ధిని గూర్చియు, వివాహవ్యయముల తగ్గింపును గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు పెద్దలు ప్రసంగించుట పరిపాటి. అవి యన్నియు నావశ్యకములే. నేడు నేను జీవనోపాధికై లారీలను, బస్సులను, అద్దెకార్లను దూరదేశములకు నడుపుచున్న మన కులబంధువుల దేహసౌఖ్యమును గూర్చి నాలుగు మాటలు మనవిచేయ సంకల్పించితిని. వృద్ధుడైన బడిపంతులునకు లారీలతో నేమి పని యని కొందఱు నవ్వవచ్చును. నాయొద్ద అక్షరములు దిద్దిన బాలురలో పలువురు నేడు ఆ పనియందే యున్నారు. వారి లారీల యజమానులలో కొందఱు ఈ సభయందు ముందువరుసలోనే కూర్చుండియున్నారు. ఉభయులును వినవలసిన విషయమగుటచే దీనిని సభాముఖమున చెప్పుచున్నాను.

మన తాతలు రెండెడ్ల బండ్లపై ఉప్పును, ధాన్యమును వేసికొని సంతలకు పోయెడివారు. ఎద్దు అలసినచో నడక మందగించును. నోట నురుగు కనబడును. మఱియు నదలించినచో నిలిచిపోవును. అప్పుడు బండివాడు కాడి దింపి, నీరు పెట్టి, గడ్డి వేసి, తానును చెట్టునీడను నడుము వాల్చెడివాడు. ఎద్దుల విశ్రాంతియే మనుష్యుని విశ్రాంతికి కారణమగుచుండెను. ఇంజనుకు అలసట లేదు. నూనె పోసినంతకాలము అది పరుగెత్తుచునే యుండును. కావున నడపువానిని ఆపు ప్రాణి యేదియు నిప్పుడు లేదు. అలసట యంతయు నతని యొక్కని దేహముననే చేరుచున్నది. ఈ వృత్తియందలి కష్టములకు మూలమిదియే యని నా తలంపు.

ద్రోణపర్వమున సైంధవవధ ఘట్టమును మీరందఱు నెఱుగుదురు. ఆనాడు సూర్యుడస్తమించులోపల జయద్రథుని వధింపనిచో అగ్నిప్రవేశము చేసెదనని అర్జునుడు ప్రతినబూనియుండెను. అంతకు మించిన తొందర లోకమున నెవనికి నుండగలదు? అయినను ఆ పగటి నడుమ, శత్రుసేనల మధ్యమున, గుఱ్ఱములు గాయపడి దప్పికగొన్నవని చూచి శ్రీకృష్ణుడు రథమును నిలిపెను. అర్జునుడు నేలకు దిగి పోరాడుచు, బాణముతో భూమిని భేదించి జలాశయము కల్పించెను. కృష్ణుడు గుఱ్ఱములను విప్పి, వాని మేనులయందలి బాణములను పెఱికి, చేతులతో నిమిరి, నీరు త్రావించి, మేపి, మరల పూన్చెను. ప్రతిజ్ఞయు నెఱవేఱినది. నిలిపినందున కార్యము చెడలేదు. నిలిపినందుననే గుఱ్ఱములు సాయంకాలము వఱకు పరుగెత్తగలిగెను. సారథులకెల్ల నాదర్శమైన వాడే యట్లు చేయగా, విశ్రాంతికై బండి నాపువానిని సోమరియని నిందించుటకు మనకేమి యధికారము కలదు?

కఠోపనిషత్తునందు దేహము రథముగను, బుద్ధి సారథిగను, మనస్సు కళ్ళెముగను, ఇంద్రియములు గుఱ్ఱములుగను చెప్పబడినవి. నేటి లారీసారథికి విప్పి నీరు త్రావింపవలసిన గుఱ్ఱములు తన కన్నులును, నడుమును, కాళ్లును, నరములునే. వానిని కాపాడుకొను విధము కొంత చెప్పెదను.

మొదట ఆసనము. పలువురు సీటు ముందంచున కూర్చుండి, వీపును విల్లువలె వంచి స్టీరింగు చక్రముపై వ్రాలియుందురు. అట్లుగాక పిరుదులు సీటు వెనుకభాగమునకు పూర్తిగ తగులునట్లు కూర్చుండవలయును. వీపుబల్ల నిట్టనిలువుగ నుండక కొంచెము వెనుకకు వాలియుండవలయును. క్లచ్చిని కడదాక త్రొక్కినప్పుడును మోకాలు కొంచెము వంగియే యుండునట్లు సీటును ముందునకు జరుపుకొనవలయును. నడుము క్రిందిభాగమున ఖాళీ యున్నచో తువ్వాలును చుట్టి పెట్టుకొన్న చాలును. అంతకన్న చౌకయైన వైద్యము లేదు. వెనుకజేబులో దళసరి పర్సు నుంచుకొని కూర్చుండువారికి ఒకప్రక్క ఎత్తై, తుంటినుండి కాలిదాక నొప్పి ప్రాకును. పర్సును చొక్కాజేబులోనికి మార్చిన నా బాధ కొంత తగ్గును.

రెండవది కదలిక. గంటలతరబడి కాళ్లు వ్రేలాడవేసి కూర్చున్నచో రక్తము పిక్కలయందు నిలిచి పాదములు వాచును. కొందఱికి సిరలలో రక్తము గడ్డకట్టుటయు కలదు. రెండుగంటల కొకసారి బండిని రహదారి ప్రక్కకు, ఇతరులకు నడ్డములేని చోటికి తెచ్చి నిలిపి, పదునైదు నిమిషములు నడువవలయును. మునివ్రేళ్లపై లేచి దిగుట, నడుమును మెల్లగ వెనుకకు వంచుట, మెడను ఇరుప్రక్కలకు త్రిప్పుట చేయవలయును. దిగినవాడు దిగినట్లే టైర్లను, త్రాళ్లను చూచుకొనవచ్చును గనుక కాలము వ్యర్థముగాదు.

మూడవది వేగములు. వేగములనగా బండివేగములు కావు. దేహమునందు పుట్టు సహజ ప్రేరణలు. చరకసంహిత సూత్రస్థానమున ఏడవ యధ్యాయము ఈ విషయమునకే కేటాయింపబడినది. మూత్రము, మలము, ఆకలి, దప్పిక, ఆవులింత, నిద్ర మున్నగు పదుమూడు వేగములను ఆపరాదని చరకాచార్యుడు చెప్పెను. మన సారథులు దినదినము ఆపుచున్నవి యివియే. మూత్రవిసర్జనకై దిగవలసివచ్చునను భయముచే నీరే త్రాగనివారు కలరు. వేసవియందు ఇంజను వేడిమియు, ఎండ వేడిమియు కలియగా, నీరు త్రాగనివానికి తలనొప్పియు, మూత్రమున మంటయు, మూత్రపిండములలో రాళ్లును కలుగుట వింతగాదు. లారీలయందలి యీ వేడిమిని గమనించియే కేంద్రప్రభుత్వము, 2025 అక్టోబరు 1వ తేదీనుండి తయారగు పెద్దలారీలలో డ్రైవరుగదికి శీతలయంత్ర ముండవలయునని 2023 డిసెంబరులో శాసించెను. అంతకుముందు తయారైన లారీలు వేలకొలదిగ రహదారులపై తిరుగుచున్నవి గనుక వాని సారథులకు నీటికుండయే దిక్కు.

భోజనమును గూర్చి యొక్కమాట. కడుపునిండ అన్నమో, నూనెయోడు పరోటాలో తిని వెంటనే చక్రము పట్టరాదు. కొంచెము కొంచెముగ పెక్కుసార్లు తినుట మేలు. మజ్జిగ, అరటిపండు, వేయించిన సెనగలు వెంటనుంచుకొనవచ్చును. మధుమేహమునకు మందు వాడువాడు భోజనము తప్పించినచో చక్కెర పడిపోయి కన్నులు చీకట్లు క్రమ్మును. అతడు ఎన్నడును ఉపవాసముతో నడుపరాదు. జలుబునకు మ్రింగు మాత్రలలో ననేకములు నిద్రను తెచ్చును. వైద్యునితో "నేను బండి నడుపువాడను" అని ముందుగ చెప్పి మందు తీసికొనవలయును.

ఇక నన్నింటికన్న ముఖ్యమైనది నిద్ర. దీనిని గూర్చి చెప్పుటకే నేనీ వేదిక నెక్కితిని.

నాయొద్ద చదివిన బాలుడొకడు పెద్దవాడై లారీ నడుపుచు, వరుసగ రెండురాత్రులు కన్ను మూయక, మూడవరాత్రి రెండుగంటల వేళ, నిలిచియున్న వాహనమును వెనుకనుండి కొట్టి మరణించెను. త్రాగియుండునని జనులనిరి. అతడు త్రాగువాడు కాడు. అతని తల్లి నేటికిని కొడుకునకు తగని ఆ యపకీర్తిని మోయుచున్నది. శాస్త్రజ్ఞులు పరీక్షించి చెప్పినదేమన, పదునేడు గంటలపాటు వరుసగ మేల్కొన్నవాని చేతి చుఱుకుదనము, నూఱు మిల్లీలీటర్ల రక్తమున 50 మిల్లీగ్రాముల మద్యము కలవాని చుఱుకుదనముతో సమానము. మన దేశపు చట్టము 30 మిల్లీగ్రాములు మించినవానినే దండించును. అనగా తెల్లవారుజామున నైదుగంటలకు లేచి రాత్రి పదిగంటలకును చక్రము పట్టియున్నవాడు, ఒక్కబొట్టు త్రాగకయే, చట్టము సహింపని మత్తుతో సమానమైన స్థితిలో నున్నాడు. ఈ మత్తును పట్టు యంత్రము పోలీసువారియొద్ద లేదు.

నిద్రమత్తున ఱెప్ప వ్రాలుట నాలుగు సెకన్లు చాలును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు లారీ ఆ నాలుగు సెకన్లలో దాదాపు 67 మీటర్లు సారథి లేకయే పరుగెత్తును. రాత్రి రెండుగంటలు మొదలు ఐదుగంటల వఱకును, మధ్యాహ్నము రెండుగంటలు మొదలు నాలుగుగంటల వఱకును దేహము స్వభావముచేతనే మందగించును. పాట పెట్టుట, కిటికీ తెఱచుట, మొగమున నీరు చల్లుకొనుట కొన్ని నిమిషముల యుపాయములు మాత్రమే. ఆవులింతలు వరుసగ వచ్చినను, దాటివచ్చిన ఊరు జ్ఞాపకము రాకున్నను, చక్రము తనంతట ప్రక్కకు జరిగినను బండిని సురక్షితమైన చోట నిలిపివేయవలయును. ఒక గ్లాసు కాఫీ త్రాగి వెంటనే ఇరువది నిమిషములు పండుకొనుట మంచిపద్ధతి. కాఫీ పనిచేయుటకు సుమారు అరగంట పట్టును గనుక మేల్కొనువేళకు రెండును సహాయమగును. ఇదియు తాత్కాలికమే. నిద్రకు ప్రత్యామ్నాయము నిద్రయే. మఱియొక హెచ్చరిక: ఇంజనును నడుపుచు, అద్దములు మూసిన గదిలో నిద్రింపరాదు. లోనికి విషవాయువు చేరి ప్రాణము తీయవచ్చును. నిలిచిన లారీ క్రింద పండుకొనుటయు నట్టిదే.

ఇందు గృహిణులకును భాగము కలదు. పగటినిద్ర దోషమని మన యిండ్లలో పెద్దలు కసరుదురు. ఆ నిషేధమును చెప్పిన చరకుడే, భారము మోసినవారును, దూరము నడచినవారును, వాహనయానముచేతను జాగరణచేతను అలసినవారును పగలు నిద్రింపవచ్చునని మినహాయింపును చెప్పెను. రాత్రియంతయు బండి నడిపి ఉదయము ఇల్లు చేరినవానిని, అమ్మలారా, కదలింపకుడు. కిటికీకి దుప్పటి కట్టి, పిల్లలను అరుగుపైకి పంపుడు. అతడు మార్గమున నున్నప్పుడు ఇంటి చిక్కులను చెప్పుటకు టెలిఫోను చేయకుడు.

ఇక యజమానులకు నా విన్నపము. కైకలూరు, ఆకివీడు ప్రాంతములనుండి చేపలు మంచులో పెట్టుకొని వంగదేశమునకు పోవు లారీల సంగతి మీకు తెలియును. ఇచ్ఛాపురము దాటి ఒడిస్సాను గడచి పోవు నా మార్గము వేయి కిలోమీటర్లకు పైబడినది. పదునొకండువందల కిలోమీటర్లనుకొందము. గంటకు సగటున 50 కిలోమీటర్లు నడచినను 22 గంటలు చక్రము పట్టవలయును. 1961లో పార్లమెంటు చేసిన మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు సాధారణముగ 8 గంటల పనియు, 5 గంటలకు మించకుండ నడుమ అరగంట విశ్రాంతియు, ఒకనాటి పనికిని మఱునాటి పనికిని మధ్య 9 గంటల విరామమును విధించెను. పిదప నది 2020 నాటి శ్రమస్మృతిలో విలీనము చేయబడినది. ఎనిమిది గంటల లెక్కను పట్టి చూచినచో ఆ 22 గంటల పని ఒక్కనికి మూడుదినముల పని. మంచు మూడుదినములు ఆగదందురు, సత్యమే. అట్లయిన నిద్దఱు డ్రైవర్లను పంపుడు. మంచు కరుగుటకు ఔషధము రెండవ సారథియే కాని మొదటివాని కన్నులు కాదు.

"రెండవవాని జీతమును, బత్తాను ఎవరు భరింతురు? కిరాయి అంత లేదు" అని మీరడుగుదురు. మీ కష్టమును నేను కాదనను. నూనెధర, టైర్లు, టోలుగేట్లు, బ్యాంకు వాయిదాలు మిమ్ము పీడించుచున్నవి. కాని ఒక్క ప్రమాదముతో లారీయు, సరకును, సంవత్సరములకొలది కోర్టుఖర్చును పోవుచుండగా చూచినవారు మీలోనే కలరు. ముందుగ చేరినవానికి బహుమానము, ఆలస్యమైనవానికి బత్తాలో కోత యను పద్ధతి నిద్రను వెలకు కొనుట వంటిది. దానిని మానుటకు ధనమక్కఱలేదు, మనస్సు చాలును. "నిద్ర వచ్చుచున్నది, బండి నిలిపితిని" అని డ్రైవరు చెప్పినప్పుడు "మంచిపని చేసితివి" అను మూడుమాటలు మీనోట వచ్చినచో, ఎన్ని యుపన్యాసములును చేయజాలని మేలు ఆ మాటలు చేయగలవు.

తుదకు సంఘమునకు మూడు సూచనలు. ఒకటి: పూర్వులు యాత్రికులకొఱకు కట్టించిన మన సత్రముల వరండాలును, స్నానపుగదులును, కులభేదము పాటింపక, దారినిపోవు సారథులందఱికిని పగలును రేయియు తెఱచి యుంచవలయును. అలసటకు కులము లేదు. రెండు: సంవత్సరమునకొకసారి మహాసభనాడే డ్రైవర్లకు కంటిపరీక్ష, రక్తపోటు, చక్కెర పరీక్షలు జరిపింపవలయును. మూడు: మనలోని లారీ యజమానులు దూరప్రయాణములకు ఇద్దఱు సారథుల నియమమును తమంతట తాము స్వీకరించి, ఆ సంగతిని వచ్చు మహాసభలో చెప్పుకొనవలయును.

సారథి సుఖముగ నుండుట విలాసమని తలంపకుడు. అతని నడుము నొప్పియు, అతని కనుఱెప్పయు, ఎదురువచ్చు బస్సులోని పసిబిడ్డకును సంబంధించినవి. సొంతదేహమును కాపాడుకొనుచు పరుల ప్రాణములను కాపాడు వృత్తి ఇది. ఇట్టి వృత్తియందున్న మన బిడ్డలు వెళ్లినవారు వెళ్లినట్లు ఇల్లు చేరుదురు గాక యని భగవంతుని ప్రార్థించుచున్నాను.