100 గ్రాముల బరువు

100 గ్రాములంటే ఎంత? కొట్లో కట్టే చిన్న చింతపండు పొట్లమంత. ఆ కాస్త బరువుకే కుస్తీ పట్టే వినేశ్ ఫోగట్‌కు ఒలింపిక్ పతకం పోయింది.

ఈమెది హర్యానాలో బలాలి. చిన్నప్పుడే తండ్రి పోయాడు. తల్లే పెంచింది. పెదనాన్న కుస్తీ నేర్పాడు. కుస్తీ సంఘం పెద్ద ఆడపిల్లల్ని వేధిస్తున్నాడంటూ 2023లో తోటివాళ్లతో ఢిల్లీలో ధర్నాకు కూర్చుంది. పోలీసులు ఈడ్చినా తగ్గలేదు.

2024లో పారిస్‌లో ఒక్కరోజే ముగ్గురిని ఓడించింది! ఫైనల్‌కు ముందు మళ్లీ తూకం. 50 కిలోలు దాటకూడదు. రాత్రంతా తిండీ నీళ్లూ మానింది. జుట్టు కూడా కత్తిరించారు. అయినా 100 గ్రాములు ఎక్కువే తూగింది. పోటీలోంచి తీసేశారు.

ఇంటికొచ్చి ఊరుకుందా? రెండు నెలలకే అసెంబ్లీ ఎన్నికలు. అత్తవారి వైపు జులానాలో కాంగ్రెసు తరఫున నిలబడింది. పల్లెపల్లె తిరిగి ఓటడిగింది. 6,015 ఓట్ల ఆధిక్యంతో ఎమ్మెల్యే అయింది.