పార్కు గేటు దగ్గర తలాషీ

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి రెండు మాటలు చెప్పుమని కార్యదర్శి గారు మమ్ములను కోరినారు. చదువు గురించి మేము ఏటేటా చెప్పుతనే ఉన్నాము, మీరు వింటనే ఉన్నారు. ఈసారి పిల్లల విహారయాత్ర గురించి, అందులోనూ పార్కు గేటు దగ్గర చేసే తలాషీ గురించి చెప్పదలచినాము. ఇదేం ముచ్చట అని కొందరు నవ్వుకోవచ్చును. కాని రెండేండ్ల క్రిందట మేము హైదరాబాదు యాత్ర నుండి తిరిగి వచ్చిన వారంలోపల ముగ్గురు తండ్రులు మా ఇంటికి వచ్చి, "ఇకమీద మా పిల్లలను పంపము మాస్టర్ సాబ్" అని చెప్పిపోయినారు. ఆ ముగ్గురిలో ఇద్దరికి ఉన్నది ఆడపిల్లలే. ఆ పిల్లలు జమ్మికుంట రైల్వే స్టేషన్ దాటి చూసింది అంతకు ముందు వరంగల్ ఒక్కటే. కనుక ఇది నవ్వి వదిలే సంగతి కాదని మా అభిప్రాయం.

ముందుగా పాత రోజులు చెప్తాము. మేము కొత్తగా నౌకరీలో చేరిన కాలంలో, 2005లో అనుకుంటాము, పిల్లలను హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉన్న లుంబినీ పార్కుకు తీసుకపోయినాము. గేటు దగ్గర ఒకాయన టికెట్లు చింపి, తలలు లెక్కబెట్టి లోపలికి వదిలినాడు. అంతే. సంచిలో ఏమున్నదని అడిగినవాడు లేడు. సాయంత్రం లేజర్ షో చూసి, నీళ్ల మీద ఆ రంగుల వెలుతురుకు పిల్లలు కేకలు పెట్టి, మళ్లీ రైలెక్కినాము.

2007 ఆగస్టు 25, శనివారం సాయంత్రం అదే లేజర్ షో నడుస్తుండగా అక్కడ బాంబు పేలింది. కొద్ది నిముషాల తేడాతో కోఠిలోని గోకుల్ చాట్ దగ్గర ఇంకొకటి పేలింది. దిల్‌సుఖ్‌నగర్‌లో పెట్టినది పేలకుండానే దొరికింది. రెండు చోట్ల కలిపి 40 మందికి పైగా చనిపోయినారు. లుంబినీలో పోయినవారిలో మహారాష్ట్రలోని సంగమ్‌నేర్ నుండి యాత్రకు వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులున్నారు. వాళ్లు కూడా మన పిల్లల వలెనే సార్ల వెంట వచ్చినవారు, షో అయిపోతే బస్సెక్కవలసినవారు. ఆ వార్త చదివిన రోజు మా పాఠశాలలో ఎవరమూ సరిగా పాఠం చెప్పలేదు. రెండేండ్ల క్రితం మేము మా పిల్లలను కూర్చోబెట్టిన ఆవరణ అది.

ఆ తరువాత గేట్లు మారినవి. నిలబెట్టిన చట్రం లాంటి మెటల్ డిటెక్టర్ వచ్చింది. చేతిలో కర్ర వంటి యంత్రంతో గార్డులు వచ్చినారు. 2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్‌లో మళ్లీ బాంబులు పేలినవి. జనం పెద్దసంఖ్యలో కూడే చోట్ల రాకపోకల మీద కట్టడి, కెమెరాలు ఉండాలని అదే ఏడు చట్టం కూడా వచ్చింది. పార్కులు, సినిమాహాళ్లు, పెద్ద దుకాణాలు అన్నీ దాని కిందికే వస్తవి. ఇది మన దేశానికే వచ్చిన తిప్పలు కాదు. అమెరికాలోని డిస్నీ పార్కులలో 2001 సెప్టెంబరు దాడుల తరువాత సంచులు చూడడం మొదలుపెట్టినారు. 2015 డిసెంబరులో మెటల్ డిటెక్టర్లు పెట్టినారు, లోపల బొమ్మ తుపాకులు అమ్ముడు సైతం బంద్ చేసినారు.

కాబట్టి తలాషీ వద్దని మేము అనము. అనేవారితో మేము ఏకీభవించము. మక్కా మసీదు సంగతే చూడండి. 2007 మే 18న, జుమా నాడు, అక్కడ బాంబు పేలింది. అప్పటి నుండి అక్కడికి నమాజుకు పోయేవారు సైతం యంత్రం కింద నుండి నడిచే పోతున్నారు. ఎవరన్నా తప్పు పట్టినారా? హజ్‌కు పోయి వచ్చిన తల్లులు ఈ సభలో ఉన్నారు. మదీనాలో మస్జిదె నబవీ ద్వారం దగ్గర ఆడవారి సంచులు ఆడవారే తెరిచి చూస్తారని వారే మాకు చెప్పినారు. అక్కడ ఎవరి ఇజ్జత్ పోలేదు గదా!

మరి పార్కు గేటు దగ్గర ఎందుకు పోయినట్లు అనిపిస్తుంది? రెండేండ్ల క్రిందటి సంగతి చెప్తే మీకే తెలుస్తుంది.

ఆ యాత్రలో 46 మంది పిల్లలు, నలుగురు ఉపాధ్యాయులము, తోడుగా ఇద్దరు తల్లులు, ఒక విద్యార్థిని నానమ్మ వచ్చినారు. ఆ పెద్దమ్మను పిల్లలందరూ ఖాలా అనే పిలుస్తారు, మేమూ అట్లనే పిలుస్తాము. సికింద్రాబాదులో రైలు దిగి, బస్సు మాట్లాడుకొని, నగరం వెలుపల ఉన్న ఒక పెద్ద వినోద పార్కుకు పోయినాము. పేరు అవసరం లేదు.

గేటు దగ్గర ఆడవారికి వేరే వరుస, తెర కట్టిన గది, లోపల ఆడ గార్డు. బురఖా వేసుకున్న మా పిల్లలు లోపలికి పోయి, ముఖం చూపించి, నిముషంలో బయటికి వచ్చినారు. ఏ గొడవా లేదు. ఖాలా వంతు వచ్చినప్పుడు ఆమె పాన్‌దాన్ మూత తీసినారు. సున్నం, కాచు, వక్కలు, వాటి నడుమ అడకత్తెర! గార్డు దానిని పైకెత్తి, "అమ్మా, ఇది లోపలికి పోనియ్యరు" అన్నది. ఖాలా ఊకుంటుందా? "బేటీ, నలభై ఏండ్ల సంది ఇది వక్కలు తప్ప ఇంకేమీ కోసింది లేదు" అన్నది. ఆ పిల్ల నవ్వి, అడకత్తెర తీసుకొని, చీటీ రాసి ఇచ్చి, పోయేటప్పుడు తీసుకొమ్మన్నది. సాయంత్రం భద్రంగా తిరిగి ఇచ్చింది. తలాషీ అంటే అట్ల ఉండాలె. చేసినవారికీ బరువు కాలేదు, చేయించుకున్నవారికీ బరువు కాలేదు.

తరువాత టిఫిన్ డబ్బాలు ఆపినారు. ఇంటి నుండి తెచ్చిన బగారా అన్నం లోపలికి రానియ్యమన్నారు. గేటు బయట నిలబడే తినిపోయినాము. ఇది కూడా భద్రత కిందనే లెక్క అన్నాడు ఒక గార్డు. లోపల ఒక ప్లేటు అన్నం ధర చూసిన తరువాత మాకు అసలు సంగతి తెలిసింది. అది బాంబు భయం కాదు, హోటల్ బేరం. అయితే దీనికి హిందువనీ ముస్లిమనీ లేదు, అందరి డబ్బాలూ బయటనే ఉన్నవి. మా ముందున్న ఇంకొక బడి పిల్లలు పులిహోర తింటూ మాకు కూడా పెట్టినారు.

మగపిల్లల వరుసలో వచ్చింది చిక్కు. మా తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు, నెత్తిన టోపీ ఉన్నది, యంత్రం కింద నుండి నడిచినాడు. యంత్రం మోగలేదు. అయినా గార్డు భుజం పట్టి ఆపి, "పేరేంది? ఎక్కడి నుండి వచ్చినవ్?" అని అడిగినాడు. పేరు చెప్పగానే పక్కకు నిలబెట్టినాడు. సంచి బోర్లించినాడు. తువ్వాల, స్వెట్టర్, దువ్వెన, నోటు పుస్తకం నేల మీద పడినవి. వాడి ముందు పోయిన వేరే బడి పిల్లవాడి సంచి తెరువలేదు, వెనుక వచ్చినవానిదీ తెరువలేదు. పది నిముషాలు అందరూ చూస్తుండగా వాడు నిలబడినాడు.

మేము పరుగెత్తుకొని పోయినాము. పోయి ఏమి చేసినాము? గార్డుకు "మా విద్యార్థే సార్" అని బతిమాలినాము. పిల్లవాడికి "నువ్వు ఊకో, మాట్లాడకు" అన్నాము. ఇది చెప్పడానికి మాకు సిగ్గుగా ఉన్నది, కాని చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు. వాడు మాట్లాడనే లేదు, ఊరుకునే ఉన్నాడు. ఊకొమ్మనవలసింది వాడిని కాదు. ఆ రోజు వాడు ఏ ఆటా ఎక్కలేదు, మా సంచులకు కావలి కూర్చున్నాడు. తిరుగు ప్రయాణంలో, రైలు కాజీపేట దాటినాక, మెల్లగా అడిగినాడు. "మాస్టర్ సాబ్, మెషిన్ మోగలేదు గదా, మరి నన్నెందుకు ఆపిండు?"

జమ్మికుంట వచ్చేదాకా మాకు జవాబు దొరకలేదు.

తరువాత ఆలోచించినాము. సైన్సు మాస్టరు గారు మాకు ఆ యంత్రం సంగతి విడమరిచి చెప్పినారు. ఆ చట్రంలో తీగచుట్టలుంటవి, వాటిలో కరెంటు పోతుంటే చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. లోహం ఏదన్నా నడుమకు వస్తే అందులో చిన్న కరెంటు పుట్టి ఆ క్షేత్రాన్ని కదిలిస్తుంది, యంత్రం మోగుతుంది. బెల్టు బకిలు, తాళపు చెవులు, స్టీలు సుర్మాదానీ ఏదైనా సరే. సామాను చూసే ఎక్స్‌రే యంత్రం తెర మీద లోహం నీలంగా, తిండి పదార్థాలు, బట్టల వంటివి నారింజ రంగులో కనబడుతవి. ఖర్జూరమైనా లడ్డయినా దానికి ఒకటే రంగు. యంత్రానికి పేరు వినబడదు, టోపీ కనబడదు. పేరు వినేదీ టోపీ చూసేదీ మనిషే.

మన పత్తి మార్కెట్లో ప్రతి బండీ కాంటా మీదికి ఎక్కవలసిందే. ఏ రైతూ నొచ్చుకోడు. కాని పది బండ్లను చూడకుండ వదిలి, ఒక్క రైతు బండిని మాత్రం ఆపి బస్తాలన్నీ కుమ్మరిస్తే ఏమైతది? కాంటా మీద కాదు వానికి కోపం.

న్యాయం కొరకు ఇంకొక మాట కూడా చెప్పాలె. ఇంతమందిలో ఒకరిని అని లెక్కబెట్టి ఆపి చూసే పద్ధతి కూడా ఉన్నది. ఆ గార్డు అట్లనే ఆపినాడేమో. అయితే ఆ మాట నోటితో చెప్పవచ్చును గదా! "బాబూ, ఇట్ల కొందరిని చూస్తాము" అంటే అయిపోయె. పేరు ఎందుకు అడగాలె? మన తండ్రులకు ఈ భయం ఊరికే రాలేదు. మక్కా మసీదు పేలుడు తరువాత పట్టుకుపోయిన ముస్లిం యువకులు చాలామంది నిర్దోషులని తేలి విడుదలైనారు. వారికి అప్పటి ప్రభుత్వం నష్టపరిహారం సైతం ఇచ్చింది, 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. అటువంటి వార్తలు చదివిన తండ్రి, కొడుకును ఒక యూనిఫారం మనిషి పక్కకు నిలబెట్టినాడని వింటే నిద్రపోతాడా? అదే సమయంలో, సంగమ్‌నేర్ తండ్రుల సంగతి కూడా మనం మరువరాదు. వారి పిల్లలు పోయిన ఏడు ఆ గేటు దగ్గర సంచులు గట్టిగా చూసి ఉంటే బాగుండుననే వారు అనుకొని ఉంటారు.

యాత్రల మీద పోయినప్పుడు గేట్ల దగ్గర జనాన్ని మేము బాగా గమనించినాము. కొందరు గుర్రుమంటారు. కొందరు "చూడండి, చూడండి, మంచిదే" అని చేతులు పైకెత్తుతారు. చిన్న పిల్లలకు ఆ బీప్ చప్పుడే ఒక ఆట. కుర్రవాళ్లు కొందరు పరాచికానికి "బాంబున్నది" అంటారు. ఈ పరాచికం మన పిల్లలు ఎన్నడూ చేయరాదు. వేరేవాడంటే గార్డు తిట్టి వదులుతాడేమో, మనవాడంటే రాత్రి దాకా ఇంటికి రాడు. ఇట్ల చెప్పవలసి రావడం మాకు కష్టంగానే ఉన్నది, అయినా చెప్తున్నాము.

మేము హెడ్‌మాస్టరు గారి సంతకంతో ఆ పార్కు వారికి ఉత్తరం రాసినాము. అందరినీ నియమాల ప్రకారమే చూస్తామని రెండు వరుసల జవాబు వచ్చింది. అంతకు మించి ఏమీ రాలేదు. అయినా ఉత్తరం రాసిన సంగతి ఆ పిల్లవాడిని పిలిచి చూపించినాము, "ఆ రోజు నిన్ను ఊకొమ్మన్నది మా తప్పు" అని చెప్పినాము. వాడు ఉత్తరం రెండుసార్లు చదివి, ఒక ఇంగ్లీషు స్పెల్లింగు తప్పున్నదని చూపించినాడు. వాడిప్పుడు ఇంటర్ చదువుతున్నాడు.

ఈ చలికాలంలో మళ్లీ యాత్ర ఉన్నది. ఈసారి పిల్లలందరికీ ఫోటోతో గుర్తింపు కార్డులు కుట్టించాలె, దానికి సంఘం నుండి కొంత సాయం కావాలె. పార్కుకు ముందే పిల్లల పేర్ల జాబితా పంపుతాము. గేటు దగ్గర ఉపాధ్యాయుడొకరు ముందు నడిచి, తన సంచి తానే తెరిచి చూపుతాడు. ఒకరు చివరి పిల్లవాడు లోపలికి పోయేదాకా గేటు దగ్గరనే ఉంటారు. ఎవరినన్నా ఒక్కడినే పక్కకు నిలబెడితే, అరువకుండ, బతిమాలకుండ, "ఏ కారణం చేత ఆపినారు సార్? అందరినీ ఇట్లనే చూస్తున్నారా?" అని మేమే అడుగుతాము. పార్కు గార్డు పోలీసు కాదు, అడిగితే తప్పు లేదు. వారి సూపర్‌వైజరును పిలువుమనవచ్చును. ఆడపిల్లలను చూసేది ఆడ గార్డే కావాలె. గేటు దగ్గర ఆమె లేకపోతే వచ్చేదాకా మన పిల్లలు ఆగుతారు, మా ఆడ టీచరు వారి వెంటనే ఉంటారు.

ఆ ముగ్గురు తండ్రులు ఈ సభలోనే ఉన్నారు. పేర్లు చెప్పము. రాబోయే ఆదివారం అసర్ నమాజు తరువాత మేము బడి దగ్గర ఉంటాము, ఫారాలు అక్కడనే ఇస్తాము. ఖాలా అప్పుడే తన పేరు రాయించినది. పాన్‌దాన్ మాత్రం వదలనని ఖచ్చితంగా చెప్పింది. అడకత్తెర ఇంట్లో పెట్టి, వక్కలు ముందుగాల్నే కత్తిరించుకొని వస్తుందట.