లెక్కల పుస్తకం ఊరి చేతికి



మన ధర్మసాగర్ రిజర్వాయరులోకి దేవాదుల ఎత్తిపోతల ద్వారా గోదావరి నీళ్లు వస్తున్నాయి. అంత పని ప్రభుత్వమే చేయగలదు. కానీ ఊళ్లో బోరు మోటారు కాలిపోయిన రోజున ఎవరు ముందుకు రావాలి? డబ్బులు ఎవరు పోగుచేయాలి? నేను మాట్లాడదలచుకున్నది ఊరే చేసుకోవాల్సిన ఆ పని గురించి, దాని కోసం ఏళ్లకేళ్లు నిలబడ్డ వాళ్ల గురించి.

బాల థెరిసా గింగ్రాస్ గారు తెలుగింటి ఆడపడుచు. భర్త ఆండ్రే గింగ్రాస్ గారితో కలిసి 1977లో కెనడాలో సోపార్ అనే సేవాసంస్థను మొదలుపెట్టారు. 1991లో ఇక్కడ వరంగల్‌లో వాళ్ల బాల వికాస సంస్థ పుట్టింది. కాజీపేట ఫాతిమానగర్ మీదుగా వెళ్లేవాళ్లకు ఆ పేరు కొత్త కాదు. మూడేళ్ల ప్రాజెక్టు ముగియగానే బోర్డు పీకేసే సంస్థలు ఎన్నో వచ్చిపోయాయి. బాల వికాస మాత్రం ఉండిపోయింది.

వాళ్ల పద్ధతి చూడండి. ఫ్లోరైడు నీళ్లతో బాధపడే ఊరికి శుద్ధి ప్లాంటు కావాలంటే ముందు ఊరు కమిటీ వేసుకోవాలి, తన వాటా కట్టాలి, నడిపే బాధ్యత తీసుకోవాలి. పేదల దగ్గర వాటా అడగడమేమిటని కొందరు అంటారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. అయినా నా అభిప్రాయం ఇది: వాటా కట్టిన మనిషి లెక్క అడుగుతాడు, ఉచితంగా పుచ్చుకున్న మనిషి అడగడానికి మొహమాటపడతాడు. గీసుగొండ మండలం గంగదేవిపల్లిలో తాగునీటికే కాదు, కేబుల్ టీవీకి కూడా ఊరి కమిటీ ఉంది. అలాంటి అలవాటు ఒక్క సభతో రాదు. ఊరు సిద్ధమయ్యేదాకా ఆగగల ఓపిక నాయకుడికి ఉండాలి. నిధులు మురిగిపోతాయన్న తొందరలో ఉన్నవాళ్లకు ఆ ఓపిక ఉండదు.

భర్త పోయిన స్త్రీ బొట్టు చెరిపి, గాజులు పగలగొట్టి, పెళ్లిపందిరికి దూరంగా కూర్చోబెట్టే ఆచారం మీద కూడా బాల వికాస పనిచేసింది. నా దృష్టిలో బోరు వేయడం కంటే ఇది కష్టం. దీనికి నమ్మకం కావాలి. అత్తలు, ఆడబిడ్డలు, కులపెద్దలు అందరూ మనసు మార్చుకోవాలి. నిన్న వచ్చిన మనిషి చెబితే ఎవరు వింటారు?

ఎక్కువకాలం ఉండటమే గొప్ప అని కాదు. కుర్చీ పట్టుకుని వేలాడేవాళ్లనూ చూస్తున్నాం. మన పక్కనే భీమదేవరపల్లి మండలంలో ముల్కనూరు సహకార సంఘం ఉంది. 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి గారి నాయకత్వంలో 373 మంది సభ్యులతో, 2,300 రూపాయల మూలధనంతో మొదలైంది. ఆయన తర్వాత కూడా అది నడిచింది, పెరిగింది. 2000లో అక్కడి మహిళలు సొంత పాల డెయిరీ పెట్టుకున్నారు. నాయకుడు లేనప్పుడూ సభ్యులు లెక్కలు చూసుకుంటున్నారా అన్నదే నాకు కొలమానం.

ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది హైదరాబాదుకు, ఇంకా దూరానికి వెళ్తారు. వెళ్లండి, సంపాదించండి. అంతకంటే ముందు ఈ వారమే మీ ఊళ్లో నీటి కమిటీదో, పొదుపు సంఘానిదో లెక్కల పుస్తకం ఎక్కడుందో అడగండి. లేకపోతే కూర్చుని రాయండి. రాయడం వచ్చాక ఊళ్లోనే ఉండే ఒక చెల్లెలికి నేర్పి, పుస్తకం ఆమె చేతికిచ్చి వెళ్లండి.