ముంజేతి గడియారము - తోలుపట్టీ సంరక్షణ

మాఘమాసము ప్రవేశించినది మొదలు మన గోదావరి మండలములలో పెండ్లిసందడి ఆరంభమగును. రాజమహేంద్రవరము తాడితోటలో పట్టుబట్టలు కొని, బంగారపు దుకాణమునకు పోయి వచ్చిన పిదప, చీటీలో తరచుగా ఒక వస్తువు మిగిలిపోవుచుండును. అదే అల్లునికి పెట్టవలసిన చేతిగడియారము. ఒకప్పుడు సైకిలు, రేడియో, వాచీ అను మూడును పెండ్లికొడుకుల ముచ్చటలుగా ఉండెడివి. మొదటి రెండును ఆ చీటీనుండి తొలగిపోయినను వాచీ మాత్రము నిలిచియున్నది. జేబులోని సెల్‌ఫోను గంటలు చెప్పుచున్నను, పీటలమీద కూర్చున్న వరుని ముంజేయి బోసిగా నుండిన పెద్దలకు వెలితిగానే తోచును. ఆ వెలితి తీర్చుటకు అప్పు చేయనక్కరలేదనియు, కొన్న వాచీ పదికాలములపాటు కొత్తదనము చెడక యుండుట మన చేతిలోనే యున్నదనియు మనవి చేయుటకే ఈ ప్రసంగము.

శుభకార్యములకు, సభలకు పెట్టుకొను వాచీ వేరు. పొలముగట్టునను చేపల చెరువుమీదను పెట్టుకొను వాచీ వేరు. మొదటిదానికి నాలుగు గుణములున్న చాలును. అది పలుచనిదై లాల్చీ చేతిక్రింద అడ్డు తగులక జారవలెను. 10 మిల్లీమీటర్లకు మించిన మందము పనికిరాదు. డయలు సాదాగా నుండి ముళ్ళు ఒక్కచూపునకే తెలియవలెను. వెడల్పు 34 నుండి 38 మిల్లీమీటర్లున్నచో మనవారి ముంజేతులకు పెక్కింటికి అమరును. నాలుగవ గుణమును చాలమంది విచారింపరు. పట్టీ తగిలించు చోటు 18 లేక 20 మిల్లీమీటర్ల సామాన్యపు కొలతలో నుండవలెను. కొన్ని వాచీలకు వాటి తయారీదారుల పట్టీ తప్ప మరియొకటి అమరదు. అట్టి పట్టీ తెగినచో వాచీ బాగుగానే యున్నను బీరువా పాలగును.

ఇక లోపలి యంత్రము సంగతి. 1961లో హిందూస్థాన్ మెషీన్ టూల్స్ సంస్థ, అనగా హెచ్.ఎం.టి., జపానుదేశపు సిటిజన్ కంపెనీ సహకారముతో బెంగుళూరున వాచీల కర్మాగారమును నెలకొల్పినది. అక్కడ తయారైన ‘జనతా’ వాచీ, ప్రతిదినము కీ ఇచ్చుకొనవలసినదే యైనను, పేరునకు తగినట్లు సామాన్యుని వాచీ అయినది. 1969 డిసెంబరులో జపానునందే సీకో కంపెనీవారు మొదటి క్వార్ట్జ్ చేతిగడియారమును విడుదల చేసిరి. నేటి క్వార్ట్జ్ వాచీలో ఒక చిన్న స్ఫటికము సెకనునకు 32,768 మార్లు కంపించుచు కాలమును కొలుచును. మన దేశమున ఈ తరహా వాచీలను ఇంటింటికి చేర్చినవారిలో, 1984లో టాటావారును తమిళనాడు ప్రభుత్వ సంస్థయు కలిసి స్థాపించిన టైటాన్ కంపెనీ ముఖ్యమైనది. కీ వాచీ దినమునకు పది ఇరువది సెకనులు తేడా చూపవచ్చును. క్వార్ట్జ్ వాచీ నెలకు సుమారు 15 సెకనులు మాత్రమే తేడా చూపును. రెండువేల రూపాయల లోపుననే ఇట్టి సాదావాచీ లభించుచుండగా, అంతకు పదింతలు పెట్టి కొన్నదానివలన పేరు, మెరుగు, పనితనము అధికముగా లభించునేమో కాని కాలము అధికముగా లభింపదు.

హెచ్.ఎం.టి. వాచీల సంస్థను మూసివేయుటకు 2016 జనవరిలో కేంద్రప్రభుత్వము నిర్ణయించినది. నాటినుండి పాత వాచీలపై మక్కువ పెరిగినది. దానితో మోసమును పెరిగినది. పాత యంత్రమునకు కొత్తగా రంగు వేసిన డయలు తగిలించి, అసలు సరకని అమ్మువారు కలరు. తెలిసిన మెకానిక్కునకు చూపక అట్టివి కొనరాదు. తండ్రిగారి వాచీయే ఇంటిలో నున్నచో, శుభ్రము చేయించి కొత్తపట్టీ వేయించి అల్లునికో కుమారునికో ఇచ్చుట తక్కువ ఖర్చుతో జరుగును, గౌరవమునకును లోపముండదు.

మన ప్రాంతమున వాచీకి ముందుగా చెడునది యంత్రము కాదు, తోలుపట్టీ. వేసవిలో చెమట, ఆపై నెలల తరబడి వానలు, కాలువల తేమ, అంతర్వేది కాకినాడల వైపున ఉప్పుగాలి దానికి శత్రువులు. దక్షిణదేశమున తంగేడుపట్టతోను కరక్కాయతోను తోళ్ళను పదును చేయుట పూర్వమునుండి వచ్చిన విద్య. పదునైన తోలునందు కొంత నూనెపాలు నిలిచి మెత్తదనము నిచ్చును. తడిసిన తోలు ఎండకు వేగముగా ఆరినచో ఆ మెత్తదనము పోయి, బిరుసెక్కి పగులును. చెమటలోని ఉప్పు లోపలి అస్తరును చెరచును. గాలి చొరని చోట తేమ నిలిచిన బూజు పట్టును.

కావున పట్టీని కొనునపుడే అంచులను పరీక్షింపవలెను. పట్టీని వంచినపుడు పొరలు విడిపోవుచున్నచో అది అట్టపై అతికించిన పలుచని తోలో రెక్సినో అయియుండును. బిగువుగా కట్టుకొనరాదు, పట్టీక్రింద ఒక వ్రేలు దూరునంత సందుండవలెను. ఇంటికి వచ్చిన వెంటనే విప్పి, లోపలివైపు పొడిగుడ్డతో తుడిచి, గాలి తగులుచోట ఉంచవలెను. చెమటతోనే పెట్టెలో మూయరాదు. వానకు తడిసినచో గుడ్డతో అద్ది నీడను ఆరనీయవలెను. ఎండలోను పొయ్యిదగ్గరను పెట్టరాదు. బూజు కనబడినచో ఇంటివెలుపల పొడిగుడ్డతో తుడిచి గాలికి ఉంచవలెను. పట్టీ మెత్తబడునని కొబ్బరినూనెయో ఆముదమో పూయుట మన ఇండ్లలో వాడుక. దానివలన తోలు నల్లబడి, జిడ్డెక్కి, దుమ్ము పట్టును. రెండు మూడు నెలలకొకమారు రంగులేని తోలుక్రీము కొంచెము పైవైపున రుద్దిన చాలును.

పెండ్లియందు మరికొంత జాగ్రత్త అవసరము. పసుపు, గంధము, పన్నీరు, అత్తరు తోలుపై పడిన మరకలు పోవుట కష్టము. మంగళస్నానమునకు ముందు వాచీ తీసి, బట్టలు కట్టుకొని అత్తరు పూసుకొన్న తరువాతనే పెట్టుకొనవలెను. వాచీ వెనుక 30 మీటర్లని వ్రాసియున్నను అది చినుకులకే ఓర్చును. దానితో గోదావరిలో మునుగవచ్చునని అర్థము కాదు. పట్టీని వాచీకి పట్టియుంచు చిన్న స్ప్రింగు పిన్నులను ఏడాదికొకమారు చూపించుకొనవలెను. చెమటకు త్రుప్పుపట్టిన పిన్ను విరిగినచో వాచీ రేవులోనే జారిపోవచ్చును. కొద్ది రూపాయల పిన్నును మార్చుకొన్నచో ఆ నష్టము తప్పును.

మధ్యతరగతి కుటుంబమునకు పెండ్లి ఖర్చులో ప్రతి రూపాయయు లెక్కింపవలసినదే. వాచీ వెల చూచి అల్లుని గౌరవమును కొలుచు అలవాటును ఉభయపక్షముల పెద్దలును విడిచిపెట్టుట మేలు. శక్తికి తగిన సాదావాచీని కొని, దానితోపాటు మంచి తోలుపట్టీ ఒకటి అదనముగా ఇచ్చి, దానిని కాపాడుకొను విధమును కూడ చెప్పి పంపవలెను. అట్టి వాచీ బిడ్డల పెండ్లివరకు ఆ యింట నిలిచియుండును.