ఊరు కట్టిన పరాయివాడు



ఇవాళ పట్టా అందుకున్న మీలో చాలామంది కొద్ది నెలల్లో హైదరాబాదుకో బెంగళూరుకో బయలుదేరతారు. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలకు వలస కొత్తది కాదు. వానలు మొహం చాటేసిన ఏడాది పిల్లాపాపలతో పనుల కోసం కదిలిపోయిన నేల ఇది. అందుకే ఒక ప్రశ్న తీసుకుంటాను: ఒక ఊరి మీద మనిషికి హక్కు పుట్టుక వల్ల వస్తుందా, అక్కడ అతను చేసిన పని వల్ల వస్తుందా? పని వల్లే వస్తుందని నా వాదన. అందుకు దక్కను చరిత్రలో మాలిక్ అంబర్‌ను మించిన సాక్ష్యం నాకు కనబడదు.

అతను 1548 ప్రాంతంలో ఇథియోపియాలో పుట్టాడు. అమ్ముడుపోయి, చేతులు మారి, బాగ్దాద్ మీదుగా అహ్మద్‌నగర్ చేరాడు. అక్కడ అతన్ని కొన్న మంత్రి చెంగిజ్ ఖాన్ కూడా హబ్షీయే, అంటే ఆఫ్రికా నుంచి వచ్చినవాడే, ఒకప్పటి బానిసే. ఆ యజమాని చనిపోయాక అంబర్‌కు విడుదల దొరికింది గానీ, బతుకుతెరువు దొరకలేదు. కొన్నాళ్లు బీజాపూర్ కొలువులో సిపాయిగా కత్తి పట్టాడు. 1600లో అహ్మద్‌నగర్ కోట మొగలుల వశమైంది. అయినా అతను అహ్మద్‌నగర్‌ను ఏలిన నిజాంషాహీ వంశంలోని ఒకరిని గద్దె మీద కూర్చోబెట్టి, మరో పాతికేళ్లు ఆ రాజ్యాన్ని నిలబెట్టాడు. మొగలు చక్రవర్తి జహంగీరు అతని మీద ఎంత కసి పెంచుకున్నాడంటే, అంబర్ తలకు తాను బాణం గురిపెట్టినట్టు చిత్రం గీయించుకున్నాడు. యుద్ధంలో మాత్రం ఆ తల చిక్కలేదు.

యుద్ధాలకన్నా నన్ను కట్టిపడేసేది 1610లో అతను ఖడ్కీ దగ్గర నగరానికి పునాది వేసిన తీరు. ఇప్పటి ఛత్రపతి శంభాజీనగర్ అదే. ఊరు కట్టడంతో ఆగక, ఊరికి నీళ్లెలా అని ఆలోచించాడు. చుట్టూ ఉన్న కొండల వాలులో ఊటలు వెతికించి, ఆ నీటిని నేల కింద కట్టుడు కాలువల్లోకి మళ్లించాడు. మోటలు, ఎద్దులు అక్కర్లేకుండా వాలు మీదే నీళ్లు నగరానికి నడిచొచ్చేలా ఏర్పాటు చేయించాడు. నహర్-ఎ-అంబరీ అని ఆ కాలువకు ఇప్పటికీ అతని పేరే. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కంభం చెరువు కింద బతికిన మీకు దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు. పల్లెల విషయంలోనూ అంతే శ్రద్ధ పెట్టాడు. శిస్తు వసూలును గుత్తకిచ్చే పద్ధతి ఎత్తేసి, భూమి కొలిపించి, నేల సారాన్నీ పంటనూ చూసి పన్ను వేయించాడు. రైతుకూ సర్కారుకూ మధ్య గుత్తదారు నిలబడితే ఏమవుతుందో తెలిసిన వాడు చేసే పని అది.

ఇది మన చరిత్ర కాదు కదా అని కొందరంటారు. కానీ మన మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు 1970 దాకా కర్నూలు జిల్లావే. ఆ కర్నూలు జాగీరు 17వ శతాబ్దంలో సిద్దీ జౌహర్ అనే హబ్షీ చేతిలో ఉండేది. 1660లో పన్హాలా కోటలో శివాజీని ముట్టడించింది అతనే. ఆఫ్రికా నుంచి వచ్చిన మనుషులు మన ఇరుగుపొరుగు చరిత్రలోనే ఉన్నారు. వాళ్లను మన పాఠాల్లోకి రానివ్వలేదు, అంతే.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. ఒక బానిస ఇంత ఎదిగాడని మెచ్చుకుంటే, బానిసత్వం అంత చెడ్డదేం కాదని చెప్పినట్టు కాదా? కాదు. అంబర్ తెలివి బానిసత్వం ఇచ్చింది కాదు. దాన్ని అణచలేకపోయింది, అంతే. దాని కింద అణగిపోయిన వేలమంది పేర్లు ఏ లెక్కల్లోనూ లేవు. అతన్ని తలచుకున్న ప్రతిసారీ ఆ నష్టాన్నీ తలచుకోవాలి. అతను మచ్చ లేనివాడనీ నేననను. నీళ్లు తెచ్చిన ఆ చేతులే 1624లో భాత్‌వాడీ దగ్గర శత్రువును అడ్డుకోవడానికి చెరువు కట్ట తెంచాయి. కానీ పనిని బట్టి హక్కు అన్నాక, చెడ్డపని కూడా అదే ఖాతాలో పడాలి. పుట్టుకను లెక్కలోకి తెచ్చేవాళ్లకే ఆ ఇబ్బంది ఉండదు.

సైన్యం, అధికారం ఉన్నవాడు ఊరు కట్టాడు, మా చేతిలో ఏముంది అని మీరడగవచ్చు. ఆ కాలువ వాలు లెక్కగట్టిందీ, పొలాలు కొలిచిందీ అంబర్ ఒక్కడు కాదు. పేరు మిగలని పనివాళ్లూ లెక్కగాళ్లూ. మన దగ్గరా నల్లమల కింద వెలిగొండ జంట సొరంగాలు తొలిచారు, ఒక్కొక్కటీ దాదాపు 19 కిలోమీటర్లు. ఆ సొరంగాల నీళ్లు నిలిపే జలాశయం కోసం ఇళ్లూ పొలాలూ వదిలేవాళ్లు వేరే ఊళ్లలో కొత్తవాళ్లుగా అడుగుపెడతారు. అక్కడ బోరు దగ్గర, బడిలో, శ్మశానంలో వాళ్లకు పాతకాపులతో సమానంగా చోటు ఉంటుందా లేదా అన్నది పంచాయతీల్లో, రెవెన్యూ ఆఫీసుల్లో తేలుతుంది. ఆ కుర్చీల్లో రేపు మీలో కొందరు కూర్చుంటారు.